హిప్ హాప్‌లో అసలైన వివాదం ఎవరిది? ఆ రీల్ లిస్ట్ చూసి మండింది

రామ్‌నగర్_రైమ్
రాత్రి ఒక రీల్ చూసిన, ఆల్ టైమ్ కాంట్రవర్షియల్ ర్యాపర్స్ అని పది పేర్లు పెట్టిండు. టుపాక్, ఎమినెమ్, కాన్యే, డిడ్డీ, సిక్స్‌నైన్, అందరు ఒకటే వరుసల. పోలీసుల మీద పాట కట్టినోడు, హిట్లర్‌ని పొగిడినోడు, ఆడమనిషిని హోటల్ల ఈడ్చి తన్నినోడు, అందర్ని ఒకటే గాటన కడతరా? నా లెక్కల వివాదం అంటే ఒక మాట మీద జనం రెండు పార్టీలయ్యి కొట్లాడాలె. నేరం చేసి లోపలికి పోతే అది కేసు, వివాదం ఎట్లయితది.

అట్ల చూస్తే నా ఓటు ఎన్‌డబ్ల్యూఏ గ్రూప్‌కే. లాస్ ఏంజెలెస్ పక్కన కాంప్టన్ పోరగాళ్లు, 1988ల ఆల్బమ్ తీసిర్రు, అండ్ల పోలీసుల మీద ఒక పాట. రేడియోల ఎయ్యలె, టీవీల ఎయ్యలె, అయినా అమ్ముడుపోయింది. 1989ల ఎఫ్‌బీఐల ఒక పెద్ద ఆఫీసర్ వాళ్ల రికార్డు కంపెనీకి ఉత్తరం రాసిండు, 1988ల 78 మంది పోలీసులు డ్యూటీల చనిపోయిర్రు, మీరు ఇట్లాంటి పాటలు అమ్ముతర్రా అన్నట్టు. ఆ ఉత్తరంల పాట పేరు కూడ రాయలె. డెట్రాయిట్‌ల ఆ పాట మొదలుపెడ్తే పోలీసులు స్టేజి మీదికి ఉరికిర్రు. పాటకి గవర్నమెంట్ భయపడుడు అంటే గిది. మీరేమంటరు?

షేడీ_శీను
ఎమినెమ్‌ని వదిలేసి వివాదం గురించి మాట్లాడటం ఏంటి బ్రో. 2000లో ఆ రెండో పెద్ద ఆల్బమ్ అమెరికాలో మొదటి వారమే 17 లక్షల కాపీలు దాటింది. ఒకపక్క అంత అమ్మకం, ఇంకోపక్క స్వలింగ సంపర్కుల సంఘాలు గ్రామీ హాల్ బయట నిరసన. వాళ్లమ్మే కొడుకు మీద కోటి డాలర్ల పరువునష్టం కేసు వేసింది. చివరికి 25 వేలకి సెటిల్ అయ్యి అందులో ఎక్కువ భాగం లాయర్లకే పోయింది అది వేరే సంగతి. సొంత తల్లి కేసు వేసిన ర్యాపర్ ఇంకొకడు ఉంటే చెప్పు

గుంటూరు_గ్రూవ్
^ అదే 2001 గ్రామీలో ఎల్టన్ జాన్‌తో కలిసి పాడాడు కదా, ఆయన స్వలింగ సంపర్కుడని అందరికీ తెలిసిన గాయకుడు, ఎవరు తిడుతున్నారో వాళ్ల మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని. ఆ ఒక్క స్టేజితో సగం గొడవ చల్లారిపోయింది, వివాదం అయినా దాన్ని భలే మలుపు తిప్పాడు

స్వాతి_ఎన్‌జే
నేను కూడా ఎమినెమ్ వింటూ పెరిగినదాన్నే, ఇక్కడ ఎడిసన్‌లో స్కూల్ బస్సులో అందరికీ నోటికొచ్చేది. కానీ ఆ ఆల్బమ్‌లో సొంత భార్య పేరు పెట్టి ఆమెని చంపుతున్నట్టు అరిచిన ట్రాక్ ఒకటుంది, దాన్ని మాత్రం నేను ఎప్పుడూ పూర్తిగా వినలేకపోయా. అది కల్పన అని తెలుసు. ఆ పేరుగల మనిషి నిజంగా బతికి ఉండి అది వింటోందని కూడా తెలుసు. 2000లో సెనేట్ విచారణలో డిక్ చేనీ భార్య లిన్ చేనీ అతని పాటల గురించి మాట్లాడితే అప్పట్లో మేమంతా నవ్వుకున్నాం. ఇప్పుడు ఆవిడ రాజకీయం నాకు నచ్చకపోయినా ఆ ప్రశ్న మాత్రం నవ్వేసేది కాదనిపిస్తుంది.

రామ్‌నగర్ తమ్ముడూ, నీ లెక్కలో ఒక చిల్లు ఉంది. మాట వేరు నేరం వేరు అన్నావ్, మాటకి ఎన్‌డబ్ల్యూఏని ఎత్తి పెట్టావ్. అందులో డాక్టర్ డ్రే 1991లో డీ బార్న్స్ అనే టీవీ జర్నలిస్టుని ఒక పార్టీలో అందరి ముందూ కొట్టాడు. అతను కేసులో నో కాంటెస్ట్ అన్నాడు, అంటే నేరం ఒప్పుకోడు, ఎదురు వాదించడు, జరిమానా, కమ్యూనిటీ సర్వీస్, అంతే. మరి నీ నంబర్ వన్ మాటల ఖాతాలోనా, కేసుల ఖాతాలోనా?

రామ్‌నగర్_రైమ్
అక్కా అది నాకు తెల్వదు నిజంగ. గ్రూప్ మీద సినిమా చూసిన, అండ్ల ఎక్కడ లేదు

స్వాతి_ఎన్‌జే
లేదు. 2015లో ఆ సినిమా వచ్చినప్పుడు అది ఎందుకు లేదో ఆవిడే పెద్ద వ్యాసం రాసింది. ఆ తర్వాత డ్రే తను నొప్పించిన ఆడవాళ్లందరికీ క్షమాపణ అని ప్రకటన ఇచ్చాడు. 24 ఏళ్లకి.

బీట్_బాబాయ్
పిల్లలంతా కాంప్టన్ దగ్గరే ఆగిపోయారు, ఎవ్వరూ ఫ్లోరిడా పేరెత్తలేదు. వయసైపోయిన వాడిని కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపికుంటే చదవండి.

టూ లైవ్ క్రూ. మయామీ గ్రూప్. 1989లో వాళ్ల ఆల్బమ్ ఒకటొచ్చింది, నిండా బూతు, దాచుకోవాల్సిందేమీ లేదు. మా పిన్ని కొడుకు హ్యూస్టన్ నుంచి వస్తూ ఆ క్యాసెట్ తెచ్చాడు, దాని అట్ట మీద తల్లిదండ్రులకు హెచ్చరిక అని నలుపు తెలుపు స్టిక్కర్. మేము నారాయణగూడలో మేడ మీద గదిలో తలుపేసుకుని విన్నాం, సగం అర్థం కాలేదు, అర్థమైన సగానికి మా నాన్న వింటే ఇంట్లోంచి గెంటేసేవాడు. పాటల్లో నిజంగా పెద్ద గొప్పతనం ఏమీ లేదు, బీట్ మాత్రం గుండెల్లో కొట్టేది, మయామీ బాస్ అంటారు దాన్ని.

అసలు కథ కోర్టులో. 1990 జూన్‌లో ఫ్లోరిడాలో ఫెడరల్ జడ్జి ఆ ఆల్బమ్ చట్టరీత్యా అశ్లీలం అని తీర్పిచ్చాడు. అంటే అమ్మితే నేరం. రెండు రోజులకే ఒక క్యాసెట్ల షాపు ఓనర్‌ని, నల్లజాతి మనిషే, ఆల్బమ్ అమ్మాడని బేడీలేసి తీసుకెళ్లారు. ఇంకో రెండ్రోజులకి గ్రూప్ వాళ్లు హాలీవుడ్ అనే ఊళ్లో (ఫ్లోరిడాలోది, సినిమాలది కాదు) పెద్దవాళ్లకి మాత్రమే అని పెట్టిన షోలో పాడి బయటికొస్తే వాళ్లనీ పట్టుకున్నారు. ఆ విచారణలో హెన్రీ లూయిస్ గేట్స్ అని పెద్ద ప్రొఫెసర్ వచ్చి, ఇది నల్లవాళ్ల మాటల ఆటలో ఎప్పట్నించో ఉన్న సంప్రదాయం, అతిశయోక్తి, అక్షరాలా తీసుకోకూడదు అని సాక్ష్యం చెప్పాడు. అక్టోబర్లో జ్యూరీ గ్రూప్‌ని వదిలేసింది. అదే నెలలో ఇంకో జ్యూరీ ఆ షాపాయన్ని మాత్రం దోషి అంది. పాడినవాడు నిర్దోషి, అమ్మినవాడు దోషి! చివరికి 1992లో పై కోర్టు ఆ అశ్లీలం తీర్పు కొట్టేసింది.

ఎఫ్‌బీఐ ఉత్తరం రాసింది సరే రామ్‌నగర్ బాబూ, ఉత్తరమే కదా. ఇక్కడ అరెస్టులు. వివాదం అంటే ఇదీ.

నైట్_షిఫ్ట్_నవీన్
బాబాయ్ నారాయణగూడ మేడ గది సీన్ సూపర్ 😂 తలుపుకి గడియ ఉందా

బీట్_బాబాయ్
గడియ లేదు, కుర్చీ అడ్డం పెట్టేవాళ్లం

లా_పిల్లోడు
బాబాయ్ చెప్పినదానికి ఇంకో ముక్క కలుపుతా, ఇదే మా క్లాసులో కూడా చెప్పారు. అదే టూ లైవ్ క్రూ ఒక పాత ప్రేమపాటని వెటకారంగా మార్చి పాడితే పాట హక్కులున్న కంపెనీ కేసేసింది, 1994లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాట మీద, పేరడీ కూడా న్యాయమైన వాడకం కిందికి రావచ్చు, డబ్బు కోసం చేసినంత మాత్రాన తప్పైపోదు అన్నారు. ఇవాళ అక్కడ స్పూఫులు తీసేవాళ్లకి దన్నుగా నిలబడే తీర్పుల్లో అది ముఖ్యమైంది. బూతు గ్రూప్ అని అందరూ తీసిపారేసినవాళ్లు రెండు పెద్ద తీర్పులు వదిలివెళ్లారు.

కానీ ఇప్పటి సంగతి ఇంకా భయంగా ఉంది. అట్లాంటాలో యంగ్ థగ్ అనే ర్యాపర్ కేసు చూడండి. 2022 మేలో ముఠా కేసు పెట్టారు, విచారణలో అతని పాటల చరణాలే సాక్ష్యంగా చదవొచ్చని జడ్జి ఒప్పుకున్నాడు, 17 చోట్ల నుంచి తీసిన లైన్లు. రెండున్నరేళ్ల దాకా జైల్లోనే ఉన్నాడు, జార్జియా చరిత్రలోనే అంత పొడుగు విచారణ లేదు. 2024 అక్టోబర్ 31న నేరం ఒప్పుకుని 15 ఏళ్ల ప్రొబేషన్ మీద బయటికొచ్చాడు. కాలిఫోర్నియాలో మాత్రం 2022లోనే పాటల్ని సాక్ష్యంగా వాడటానికి హద్దులు పెడుతూ చట్టం చేశారు. హంతకుడి నోట పాట రాసిన కంట్రీ సింగర్‌ని ఎవడూ నువ్వు చంపావా అని అడగడు, ర్యాపర్‌ని అడుగుతారు. నాకు బాగా కోపం వచ్చే చోటు ఇదే.

షేడీ_శీను
ఈ ముక్క బాగుంది. అయినా యంగ్ థగ్ నేరం ఒప్పుకున్నాడుగా?

లా_పిల్లోడు
ఒప్పుకున్నాడు, తుపాకీ, డ్రగ్స్, ముఠా ఆరోపణలు కొన్ని. నేను అతను అమాయకుడు అనట్లేదు బ్రో. నేరానికి సాక్ష్యం నేరంలోంచి తేవాలి, పాటలోంచి కాదు అంటున్నా. ఇంకోటి, పైన రీల్ లిస్టులో డిడ్డీ పేరు ఉందన్నారుగా, అక్కడ లెక్క కచ్చితంగా చెప్పాలి. 2025 జూలైలో జ్యూరీ పెద్ద ఆరోపణల నుంచి వదిలేసింది, వ్యభిచారం కోసం మనుషుల్ని తరలించాడన్న రెండిట్లో దోషి అంది, అక్టోబర్లో 50 నెలల శిక్ష. హోటల్ కారిడార్లో కొట్టిన వీడియో వేరే, అది 2024లో బయటికొచ్చింది, అతనే క్షమాపణ చెప్పాడు.

గుంటూరు_గ్రూవ్
ఐస్-టీ ఎక్కడ? 1992లో పోలీసుల్ని చంపేవాడి పాట. పోలీసు సంఘాలు బాయ్‌కాట్, ప్రెసిడెంట్ బుష్ తిట్టాడు, ఆ పాట కంపెనీ టైమ్ వార్నర్ వాటాదారుల మీటింగ్‌లో సినిమా నటుడు చార్ల్‌టన్ హెస్టన్ లేచి పాట మాటలు చదివి వినిపించాడు. చివరికి జూలైలో ఆయనే ఆల్బమ్‌లోంచి ఆ పాట తీసేశాడు. అదే మనిషి 2000 నుంచి టీవీ సీరియల్లో పోలీస్ డిటెక్టివ్ 😀

బీట్_బాబాయ్
గుంటూరూ, అది ర్యాప్ కాదయ్యా, బాడీ కౌంట్ అనే మెటల్ బ్యాండ్ పాట. గిటార్లు. అప్పుడు తిట్టినవాళ్లంతా ర్యాప్ అనే తిట్టారు, మెటల్ అని ఎవడూ అనలేదు. పాడినవాడి ఒంటిరంగు చూసి ర్యాప్ అనుకున్నారు. నన్నడిగితే అక్కడే ఉంది అసలు గుట్టు.

గుంటూరు_గ్రూవ్
ఒప్పుకుంటున్నా బాబాయ్. ఇన్నేళ్లు నేనూ ర్యాప్ అనే చెప్తూ వచ్చా

నైట్_షిఫ్ట్_నవీన్
టుపాక్ గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు కాబట్టి రాస్తున్నా. నాలుగేళ్లు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేశా, తెల్లారి మూడింటికి నిద్రాపుకోవడానికి ఆయన పాటలే. 1992లో వైస్ ప్రెసిడెంట్ క్వేల్ ఆయన మొదటి ఆల్బమ్‌కి మన సమాజంలో చోటు లేదు అన్నాడు, ఎందుకంటే టెక్సస్‌లో పోలీసుని కాల్చినవాడి దగ్గర ఆ టేప్ ఉంది. ఆ ఆల్బమ్‌లోనే 12 ఏళ్ల పిల్ల తల్లై ఎలా నలిగిపోయిందో చెప్పిన పాట ఉంది, అది మాత్రం ఆయనకి వినబడలేదు. 1994 నవంబర్ 30న న్యూయార్క్ స్టూడియోలో అయిదు తూటాలు తగిలితే మర్నాడే వీల్‌చైర్లో కోర్టుకొచ్చాడు. జైల్లో ఉండగా ఆల్బమ్ నంబర్ వన్. 25 ఏళ్లకే పోయాడు, 1996 సెప్టెంబర్ 13. ఆ కేసులో ఒకణ్ని అరెస్ట్ చేయడానికి 2023 దాకా పట్టింది.

వాళ్లమ్మ మీద రాసిన పాటని 2010లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచిపెట్టుకుంది. అంటే సమాజంలో చోటు లేదన్న మనిషికి దేశమే అల్మారాలో చోటిచ్చింది

స్వాతి_ఎన్‌జే
నవీన్, ఆ వీల్‌చైర్లో వచ్చిన కోర్టు దేనికో కూడా రాయాలి కదా. లైంగిక దాడి కేసు. జ్యూరీ ఆయన్ని దోషి అంది. జైల్లో ఉండగా నంబర్ వన్ అన్నది అందుకే జైలు.

నైట్_షిఫ్ట్_నవీన్
తెలుసు అక్కా. రాస్తూ రాస్తూ ఆ లైన్ దగ్గర ఆగి తీసేశా, నిజం చెప్తున్నా. ఆయన చివరిదాకా తను చేయలేదనే అన్నాడు, జ్యూరీ నమ్మలేదు. నాకు ఆ అమ్మ పాట వింటే ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ కేసు గుర్తొస్తే మింగుడుపడదు. రెండూ ఒకే మనిషివి, ఏం చేయాలో నాకు తెలీదు

ఫగ్వారా_పోరడు
నేను పంజాబ్‌ల బీటెక్ చదివిన, మా హాస్టల్ల సగం మంది తెలుగోళ్లే. 2022 మే 29 ఆదివారం సాయంత్రం, మెస్‌ల అందరి ఫోన్లు ఒక్కసారి మోగినయ్, పంజాబీ ర్యాపర్ సిద్ధూ మూసేవాలాని మాన్సా దగ్గర కాల్చేసిర్రు అని. 28 ఏళ్లు. అంతకు ముందురోజే సర్కారు 424 మందికి సెక్యూరిటీ తగ్గించింది, అండ్ల ఆయన ఒకడు. మా రూమ్‌మేట్ సర్దార్ పోరడు, తిండి ముట్టలె ఆ రాత్రి, నేను పక్కన కూసున్న గని ఏం మాట్లాడాలో తెల్వలె.

ఇది ఎందుకు చెప్తున్న అంటే టుపాక్ అంటే ఆయనకి ప్రాణం. చనిపోయే రెండు వారాల ముందు తీసిన పాట అట్ట మీద టుపాక్ మీద కాల్పులైనప్పుడు ఆయన కూసున్న కారు ఫొటోనే పెట్టుకున్నడు. తుపాకుల పాటలు అని 2020ల ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు పెట్టిర్రు. పోయినంక వచ్చిన పాట నదీజలాల మీద, సట్లెజ్ యమునా కాలువ గురించి, అది కొన్ని రోజులల్లనే ఇండియాల యూట్యూబ్ నుంచి మాయమైంది. తుపాకి పాటలన్ని అట్లనే ఉన్నయ్, నీళ్ల పాట ఒక్కటి తీసేసిర్రు. ఏది వివాదమో సర్కారే చెప్పింది కదా

రామ్‌నగర్_రైమ్
^ ఈ చివరి మాటకి వంద లైకులు అన్నా

ఎర్రమట్టి
మనకి ఈ సంగతి కొత్తా? ర్యాపర్ బిగ్గీని లాస్ ఏంజెలెస్‌లో కాల్చింది 1997 మార్చి 9. సరిగ్గా నెల తిరగలేదు, ఏప్రిల్ 6న మన గద్దర్ మీద ఇంటికొచ్చి కాల్పులు జరిపారు. ఆయన బతికాడు, వెన్నులో తూటా అలాగే ఉండిపోయింది. ర్యాప్ వేరు ఆయన పాట వేరు, ఒకటంటే ఒకటని నేను అనను. కాకపోతే పాట విని ఎవరికి మండుతుంది అన్నది మనం కూడా దగ్గర్నుంచి చూసినవాళ్లమే.

షేడీ_శీను
కాన్యేని ఏం చేద్దాం మరి. నా దృష్టిలో ఎమినెమ్ తర్వాత అతనే, బహుశా పైన కూడా

గుంటూరు_గ్రూవ్
కాన్యే రెండు మనుషులు అనుకోవాలి. 2005 సెప్టెంబర్, కత్రీనా తుపాను, న్యూ ఓర్లీన్స్‌లో జనం ఇళ్ల కప్పుల మీద కూర్చుని ఉన్నారు, లైవ్ టీవీలో విరాళాల కార్యక్రమం, రాసిచ్చిన మాటలు పక్కనపెట్టి జార్జ్ బుష్‌కి నల్లవాళ్ల గురించి పట్టదు అనేశాడు. పక్కన నిలబడ్డ నటుడు మైక్ మైయర్స్ మొహం చూడాలి. అది వివాదం, ఆ రోజు ఆ మాట అనడానికి దమ్ము కావాలి.

అదే నోరు 2018లో 400 ఏళ్ల బానిసత్వం వాళ్లు ఎంచుకున్నదే అన్నట్టు మాట్లాడింది, 2022లో యూదుల మీద విషం కక్కింది, అడిడాస్ తెగదెంపులు చేసుకుంది, డిసెంబర్లో హిట్లర్ అంటే ఇష్టం అంది. 2025 మే 8న హిట్లర్‌కి జై కొట్టే పాటే వదిలాడు, యూరప్‌లో నాజీలు ఓడిన రోజుకి సరిగ్గా 80 ఏళ్లు. ఆస్ట్రేలియా వీసా రద్దు చేసింది. దీన్ని కూడా వివాదాస్పదం అని పిలిస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఇందులో రెండో పక్షం ఎక్కడుంది?

షేడీ_శీను
అతనికి మానసిక అనారోగ్యం ఉందని అతనే చెప్పాడు కదా మామా, బైపోలార్. కొంచెం జాలి కూడా ఉండాలి

ఎర్రమట్టి
జాలి ఉండొచ్చు. మా ఇంట్లో అదే జబ్బు ఉన్నవాళ్లున్నారు, 15 ఏళ్లుగా మందులు వేసుకుంటున్నారు. ఎవర్నీ పురుగుల్లా చూడాలని ఎన్నడూ అనలేదు. జబ్బు మీద నెట్టేస్తే ఆ జబ్బుతో మర్యాదగా బతుకుతున్నవాళ్లకి అన్యాయం.

షేడీ_శీను
సరే అన్నా, ఆ కోణం ఆలోచించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా

కొత్త_గొంతు
కెండ్రిక్ డ్రేక్ గొడవ ఎవరూ అనలేదేంటి?? 2024 మొత్తం అదే కదా, సూపర్ బౌల్‌లో కూడా పాడాడు

బీట్_బాబాయ్
అది బీఫ్ నాయనా. ఇద్దరు మొనగాళ్ల కుస్తీ.

లా_పిల్లోడు
కాకపోతే కెండ్రిక్ తన మీద కట్టిన పాట గురించి డ్రేక్ సొంత మ్యూజిక్ కంపెనీ మీదే పరువునష్టం దావా వేశాడు, 2025 అక్టోబర్లో జడ్జి కొట్టేసింది. డిస్ ట్రాక్‌లో, అంటే ఎదుటివాణ్ని తిట్టే పాటలో, మాటలు అభిప్రాయం, నిజాల ప్రకటన కాదు అని. నా పై పోస్టుకి ఇది భలే జోడీ. అట్లాంటాలో పాట అంటే సాక్ష్యం, న్యూయార్క్‌లో పాట అంటే ఉత్త అభిప్రాయం.

స్వాతి_ఎన్‌జే
ఇంతమంది పేర్లొచ్చాయి, ఒక్క ఆడ ర్యాపర్ పేరు లేదు. నా ఓటు అటే వేస్తా. మెగన్ థీ స్టాలియన్. 2020 జూలైలో పాదాల్లో తూటా ముక్కలు దిగినది ఆమెకి. రెండేళ్లు ఇంటర్నెట్ అంతా ఆమె అబద్ధం చెప్తోందనే అంది, మీమ్స్ చేశారు, పాటల్లో ఎగతాళి చేశారు. 2022 డిసెంబర్లో ఆమెని కాల్చిన ర్యాపర్ టోరీ లేన్జ్ దోషి అని తేలింది, మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష పడింది. ఆ తర్వాత కూడా మా ఆఫీసులో ఒకతను, మంచి చదువుకున్నవాడే, ఏమో ఏం జరిగిందో ఎవరికి తెలుసు అన్నాడు. కాల్చినవాడి పేరు మీద కాదు, కాలికి దెబ్బ తగిలినామె పేరు మీద వివాదం. రామ్‌నగర్ తమ్ముడు మొదట చెప్పిన లెక్క ప్రకారమే, జనం రెండు పార్టీలయ్యి కొట్లాడటం, అది ఆమె విషయంలోనే బాగా జరిగింది. ఆమె అనకూడని మాట ఏమీ అనలేదు. నన్ను కాల్చారు అంది అంతే.

ఫగ్వారా_పోరడు
అక్కా ఇది చదివి నోట మాట రాలె

గుంటూరు_గ్రూవ్
నా ఓటు టూ లైవ్ క్రూ నుంచి మెగన్‌కి మారుస్తున్నా. బాబాయ్ ఏమనుకోకు

బీట్_బాబాయ్
అనుకోను. నాది మాత్రం ఫ్లోరిడాకే. ఆ షాపాయన బేడీలతో వెళ్తున్న ఫొటో పత్రికలో చూసిన రోజు గుర్తు, పాట అమ్మినందుకు మనిషిని పట్టుకెళ్తారా అని మొదటిసారి భయమేసింది నాకు. ఓటు అక్కడే ఉండనీ.

రామ్‌నగర్_రైమ్
మధ్యాహ్నం డీ బార్న్స్ రాసిన వ్యాసం దొరకబట్టి చదివిన. ఇంగ్లీష్ నాకు మెల్లగ పోతది గాని మొత్తం చదివిన. ఆ దెబ్బల తర్వాత ఆమెకి టీవీల పని దొరకలేదంట, కొట్టినాయన మాత్రం కోట్లకి పోయిండు. మైగ్రేన్ వస్తే ఇప్పటికి తల అప్పుడు గోడకేసి కొట్టిన చోటనే నొస్తదని రాసింది. పదేండ్ల నుంచి ఆ ఆల్బమ్ నా ఫోన్ల ఉంది, దోస్తులకి ఎఫ్‌బీఐ ఉత్తరం కథ ఎన్నిసార్లు చెప్పిన్నో లెక్క లేదు, ఈమె పేరు ఒక్కసారి రాలె నా నోట. పాట ఇంకా నాకు గొప్పదే అక్కా, ఆ ఓటు తియ్య. కాని ఆ రీల్ కింద కామెంట్ పెట్టిన, ఉత్తరం సంగతి రాసి దాని కిందనే ఆమె సంగతి కూడ రాసిన.

స్వాతి_ఎన్‌జే
లింక్ పెట్టు తమ్ముడూ, నేనూ వచ్చి రాస్తా.